ఎదుట లేని సాక్షి

ధ్రువపత్రం పుట్టే చోటు ఒకటి, దాన్ని సరిచూసే చోటు మరొకటి. ఆదిలాబాద్ జిల్లాలో తహసీల్దారు ఇచ్చిన కుల ధ్రువపత్రాన్ని ఢిల్లీలో ఓ కళాశాల ప్రవేశాల గదిలో గుమాస్తా చేతిలోకి తీసుకుంటాడు. ఆ తహసీల్దారు ఎవరో ఆయనకు తెలియదు. ఆ సంతకం ఎప్పుడూ చూసింది కాదు. తెలుగు చదవలేడు. అయినా పత్రం అసలుదో నకిలీదో అక్కడికక్కడే తేల్చాలి. చాలాకాలం ఈ భారమంతా గజిటెడ్ అధికారి ఆకుపచ్చ సిరా మీద, గుండ్రటి రబ్బరు ముద్ర మీద పడింది. కానీ అటెస్టేషన్ చేసిన అధికారి సంతకం కూడా గుమాస్తాకు కొత్తదే కదా. ఎవరో ఒకరు చూశారన్న తృప్తి తప్ప ఆ ముద్ర వల్ల ఒరిగేది తక్కువ. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మీసేవ మొదలై, పత్రాలు డిజిటల్ సంతకంతో రావడం ఆరంభమయ్యాక కొత్త వీలు ఏర్పడింది. సంతకం పెట్టిన మనిషి ఎదుట లేకపోయినా, ఆ సాక్ష్యాన్ని లెక్క కట్టి సరిచూడవచ్చు.

కంప్యూటర్ల మధ్య ఇదే సన్నివేశం క్షణక్షణం జరుగుతూ ఉంటుంది. ఫోన్లో ఒక చెల్లింపు మీట నొక్కితే ఆ అభ్యర్థన ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి, ఒక సంస్థ నుంచి మరో సంస్థకు చేతులు మారుతూ పోతుంది. ప్రతి గడప దగ్గరా నాలుగు ప్రశ్నలు ఎదురవుతాయి. ఈ ఆధారం ఎవరు ఇచ్చారు? దారిలో ఎవరైనా దిద్దారా? ఇప్పటికీ చెల్లుతుందా? పట్టుకొచ్చినవాడు, దాన్ని పుచ్చుకున్నవాడు ఒకరేనా? దారి ఎలాంటిదో కూడా ముందే ఒప్పుకోవాలి. నెట్‌వర్క్ మీద పోయే ప్రతి మాటనూ ఎవరో వినగలరు, నకలు తీసుకోగలరు, రేపు మళ్లీ వినిపించగలరు. పాస్‌వర్డ్ ఈ పరిస్థితికి బొత్తిగా చాలదు. దాన్ని పది సర్వర్లకు చెబితే పదింటిలో ఏ ఒక్కటైనా మిగతా తొమ్మిదింటి దగ్గర ఆ మనిషి వేషం వేయగలదు. అందుకే ఇద్దరి మధ్య మూడోవాడు, హామీ ఇచ్చేవాడు కావాలి. ఆ హామీదారు పరిశీలన జరిగే గడపకు ఎంత దూరంలో నిలబడాలి అన్నదే ఈ అధ్యాయంలో వచ్చే పద్ధతులన్నిటినీ విడదీసే గీత.

తాళం వేసిన టికెట్

1978లో రోజర్ నీధమ్, మైఖేల్ ష్రోడర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీనికి తొలి పక్కా పరిష్కారం ప్రకటించారు. వారి పద్ధతిలో హామీదారు ఒక సర్వర్. వ్యవస్థలోని ప్రతి ఒక్కరితోనూ దానికి విడివిడిగా ఒక్కో రహస్య కీ ఉంటుంది. ఒక విద్యార్థి ప్రింటర్‌తో మాట్లాడాలనుకుంటే ముందు హామీదారును అడుగుతాడు. హామీదారు అప్పటికప్పుడు ఒక కొత్త కీ పుట్టించి రెండు నకళ్లు తీస్తుంది. ఒకటి విద్యార్థి కీతో తాళం వేసినది, రెండోది ప్రింటర్ కీతో తాళం వేసినది. రెండో నకలులో విద్యార్థి పేరు కూడా ఉంటుంది. దానిపేరే టికెట్. విద్యార్థి దాన్ని మోసుకుపోతాడు గానీ తెరవలేడు, లోపల ఏమీ మార్చలేడు. ప్రింటర్ దాన్ని తెరిచి, ఈ తాళం హామీదారుకు తప్ప ఇంకెవరికీ వేయడం రాదు కాబట్టి పేరును నమ్ముతుంది. సీలు వేసిన కవరును అభ్యర్థి చేతికే ఇచ్చి పై ఆఫీసుకు పంపే పాత అలవాటుకు ఇది గణిత రూపం.

ఇందులో ఒక లొసుగు మూడేళ్లపాటు బయటపడలేదు. 1981లో డొరొతీ డెనింగ్, జియోవన్నీ సాకో దాన్ని పట్టుకున్నారు. టికెట్ నిన్నటిదో నిరుటిదో ప్రింటర్‌కు తెలిసే దారి లేదు. పాత కీ ఒక్కటి ఎప్పుడైనా దొంగ చేతిలో పడితే, దానికి జతైన పాత టికెట్‌ను అతడు ఎన్నేళ్ల తర్వాతైనా వాడుకోవచ్చు. వారు సూచించిన మందు సులువైనది: టికెట్ మీద సమయం వేయడం. ఆధారాల చరిత్రలో ఇది చిన్న సవరణలా కనిపిస్తుంది కానీ, దీంతో భద్రతలోకి గడియారం ప్రవేశించింది, మళ్లీ బయటికి పోలేదు. అమెరికాలోని ఎంఐటీలో 1983లో మొదలైన ఎథీనా ప్రాజెక్టు ఈ ఆలోచనను కెర్బరోస్ అనే వ్యవస్థగా మలిచింది. గ్రీకు పురాణంలో పాతాళ ద్వారం కాసే మూడు తలల కుక్క పేరు అది. కెర్బరోస్‌లో సాధారణంగా యంత్రాల గడియారాల మధ్య తేడా 5 నిమిషాలు దాటితే టికెట్ చెల్లదు. విండోస్ 2000తో మైక్రోసాఫ్ట్ దీన్నే తన ఆఫీసు నెట్‌వర్కులకు పునాదిగా తీసుకుంది. గురుగ్రామ్‌లో, నోయిడాలో విండోస్ డొమైన్ మీద నడిచే ఏ ఆఫీసులోనైనా ఉద్యోగి పొద్దున ఒక్కసారి పాస్‌వర్డ్ కొట్టి, సాయంత్రం దాకా ఫైళ్లు, ప్రింటర్లు, మెయిల్ అన్నీ వాడుకోగలుగుతున్నాడంటే వెనక ఈ టికెట్లే తిరుగుతున్నాయి. ఎవరూ మార్చకపోతే అక్కడ టికెట్ ఆయుష్షు 10 గంటలు, దాదాపు ఒక పనిరోజు.

ఈ పద్ధతికి రెండు హద్దులు ఉన్నాయి. అందరి కీలూ ఒక్కచోటే ఉంటాయి. ఆ ఒక్క యంత్రం దొంగ వశమైతే ఇక ఏ టికెట్‌నూ నమ్మడానికి లేదు. రెండోది ఇంకా పెద్దది. ముందే రహస్యం పంచుకున్నవారి మధ్యే ఇది పనిచేస్తుంది. ఒక కంపెనీ నాలుగు గోడల మధ్య సరిపోతుంది. ఆదిలాబాద్ తహసీల్దారుకూ ఢిల్లీ గుమాస్తాకూ మధ్య సరిపోదు.

వేరు నుంచి కొమ్మకు

ముందుగా ఏ రహస్యమూ పంచుకోనక్కర్లేని దారిని 1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ చూపించారు. మరుసటి ఏడాది రివెస్ట్, షమీర్, ఎడిల్‌మన్ దానికి పనికొచ్చే లెక్క కనిపెట్టారు; వారి పేర్ల మొదటి అక్షరాలతోనే అది ఆర్‌ఎస్‌ఏ అయింది. ఇందులో కీలు జంటగా పుడతాయి. ఒకటి యజమాని దగ్గరే ఉండే రహస్య కీ, రెండోది ఊరంతా చాటదగిన బహిరంగ కీ. పత్రంలోని అక్షరాలన్నిటినీ ముందు నలగ్గొట్టి స్థిరమైన పొడవున్న ఒక చిన్న సంఖ్యగా, అంటే హ్యాష్‌గా మారుస్తారు. ఆ హ్యాష్ మీద రహస్య కీతో చేసిన లెక్కే డిజిటల్ సంతకం. బహిరంగ కీ ఉన్న ఎవరైనా దాన్ని సరిచూడగలరు, ఎవరూ కొత్తగా చేయలేరు. పత్రంలో ఒక్క కామా మారినా హ్యాష్ పూర్తిగా మారిపోతుంది, సంతకం కుదరదు. సిరా సంతకం ఏ కాగితం మీదైనా ఒకేలా ఉంటుంది. డిజిటల్ సంతకం అలా కాదు, పత్రం మారితే తానూ మారుతుంది. రెండింటికీ ఒకే పేరు పెట్టడం వల్ల ఈ తేడా చాలామందికి అందకుండా పోయింది.

మరి ఫలానా బహిరంగ కీ ఫలానా తహసీల్దారుదేనని ఎలా తెలుస్తుంది? 1978లో ఎంఐటీ విద్యార్థి లోరెన్ కోన్‌ఫెల్డర్ తన డిగ్రీ సిద్ధాంత వ్యాసంలో దీనికి జవాబు రాశాడు. కీ పక్కన యజమాని పేరు రాసి, ఆ రెండింటినీ కలిపి నమ్మకమైన మరొకరు సంతకం చేయాలి. అదే సర్టిఫికెట్. ఆ మరొకరి కీని ఇంకొకరు, ఆ ఇంకొకరి కీని వేరొకరు ధ్రువీకరిస్తూ పోతే గొలుసు ఎక్కడో ఆగాలి. ఆగేచోట ఉన్నది తనకు తానే సంతకం చేసుకుంటుంది. దాన్ని రూట్ అంటారు, చెట్టుకు వేరు లాంటిది. దానికి పైన సాక్షి లేడు. దాన్ని నమ్మడం గణితంతో తేలే విషయం కాదు, చట్టంతోనో ఒప్పందంతోనో తేలాలి.

భారతదేశానికి ఆ వేరు ఢిల్లీలో ఉంది. సమాచార సాంకేతిక చట్టం 2000 అక్టోబర్ 17న అమల్లోకి వచ్చింది. ఆ చట్టం కిందే కంట్రోలర్ ఆఫ్ సర్టిఫైయింగ్ అథారిటీస్, పొట్టిగా సీసీఏ, అనే పదవి ఏర్పడింది. ఈ కార్యాలయం లోధీ రోడ్డు సీజీఓ కాంప్లెక్స్‌లోని ఎలక్ట్రానిక్స్ నికేతన్‌లో ఉంది. సీసీఏ పౌరులకు నేరుగా సర్టిఫికెట్లు ఇవ్వదు. లైసెన్సు పొందిన సంస్థల కీల మీద దేశపు రూట్ కీతో సంతకం చేస్తుంది. ఆ సంస్థలు ప్రజలకు, అధికారులకు, సర్వర్లకు సర్టిఫికెట్లు ఇస్తాయి. రిజర్వు బ్యాంకు స్థాపించిన హైదరాబాద్ సంస్థ ఐడీఆర్‌బీటీ బ్యాంకుల కోసం ఈ పనికి లైసెన్సు తీసుకుంది. గుజరాత్‌లో ఎన్‌కోడ్ ఉంది. ప్రభుత్వ శాఖలకు సీజీఓ కాంప్లెక్స్‌లోనే ఉన్న నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్, అంటే ఎన్ఐసీ, ఈ సేవ అందించింది. అంటే వేరు, దాని ముఖ్యమైన కొమ్మ ఒకే ప్రాంగణంలో ఉండేవి.

మనుషుల చేతికి ఈ గొలుసు యూఎస్‌బీ డాంగిల్ రూపంలో అందుతుంది. ఆడిటర్లు, కంపెనీ డైరెక్టర్లు, టెండర్లు వేసే కాంట్రాక్టర్లు దాన్ని డీఎస్‌సీ అంటారు. తెలుగు నేల మీద ఆ మూడక్షరాలు వింటే ముందుగా టీచర్ పోస్టుల పరీక్షే గుర్తొస్తుంది, ఇది వేరు. రహస్య కీ డాంగిల్ లోపలే పుడుతుంది, లోపలే ఉంటుంది; సంతకం చేయాల్సిన హ్యాష్ లోపలికి పోయి సంతకం బయటికి వస్తుంది తప్ప కీ బయటికి రాదు. ఇంత జాగ్రత్తగా కట్టిన ఏర్పాటును రోజువారీ అలవాటు ఒకటి కూలదోస్తుంది. యజమాని డాంగిల్‌నూ పిన్‌నూ కలిపి ఆడిటర్ గుమాస్తాకు ఇచ్చేసి నిశ్చింతగా ఉంటాడు. ఆ తర్వాత పడే ప్రతి సంతకమూ చట్టం దృష్టిలో యజమానిదే. ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేసి ఇవ్వడానికీ దీనికీ తేడా లేదు. నాలుగో ప్రశ్న, పట్టుకొచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఒకరేనా అన్నది, ఇక్కడ ఏ లెక్కకూ అందదు.

పసుపు ప్రశ్నార్థకం

ఈ గొలుసును కళ్లారా చూసే అవకాశం కోట్లమందికి ఈ-ఆధార్ ఫైలు ద్వారా కలిగింది, అదీ ఇబ్బంది రూపంలో. ఫైలును అడోబీ రీడర్‌లో తెరిస్తే సంతకం ఉన్న చోట పసుపు రంగు ప్రశ్నార్థకం, పక్కన ‘వాలిడిటీ అన్‌నోన్’ అన్న మాట కనిపిస్తాయి. ఫైలు నకిలీదేమోనని కంగారుపడి నెట్ సెంటర్ చుట్టూ తిరిగినవారు, అలాంటి ప్రింటును తీసుకోబోమని వెనక్కి పంపిన కౌంటర్లు తక్కువేమీ కాదు. నిజానికి సంతకంలో లోపమేమీ లేదు. అడోబీ తయారీదారులు ముందే నమ్మి పెట్టుకున్న రూట్‌ల జాబితాలో భారత సీసీఏ లేకపోవడమే కారణం. వాడుకరి ఆ గుర్తు మీద నొక్కి, సర్టిఫికెట్ చూసి, సీసీఏ రూట్‌ను నమ్మదగినదిగా చేర్చుకుంటే ప్రశ్నార్థకం పోయి ఆకుపచ్చ టిక్కు వస్తుంది. తర్వాత ఆ కంప్యూటర్‌లో సీసీఏ గొలుసు కింది పత్రాలన్నీ అలాగే తెరుచుకుంటాయి. భారత చట్టం ఢిల్లీ రూట్‌ను గుర్తించడం ఒకటి, ఎవరి కంప్యూటర్ ఏ రూట్‌ను నమ్ముతుందన్నది మరొకటి. ఈ రెండో నిర్ణయం చాలావరకు దేశం బయట కొన్ని సాఫ్ట్‌వేర్ కంపెనీల చేతిలో ఉంది.

ఇంకో పొరపాటు కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఆకుపచ్చ టిక్కు ఉన్న ఫైలును ప్రింటు తీస్తే కాగితం మీద టిక్కు బొమ్మ మిగులుతుంది, సంతకం మిగలదు. సంతకం ఫైలులోని బైట్లకు చెందినది. కాగితం మీది టిక్కును ఏ ఫోటో దుకాణంలోనైనా గీసి ఇవ్వగలరు. మీసేవ ప్రింటుకు విలువ దాని మీది సంఖ్యను వెబ్‌సైట్‌లో సరిచూసుకోవడం వల్ల వస్తుంది. అప్పుడు సాక్షిని మళ్లీ పిలిచినట్టే.

2014 జులై

కొమ్మ ఒకటి తప్పు సర్టిఫికెట్ పుట్టిస్తే ఏమవుతుందో 2014 సంవత్సరం చూపించింది. ఆ ఏడాది జులై 2న, గూగుల్ డొమైన్ల పేరుతో అనుమతి లేని సర్టిఫికెట్లు చలామణిలో ఉన్నట్టు గూగుల్ దృష్టికి వచ్చింది. వాటిని ఇచ్చింది ఎన్ఐసీ కింది సర్టిఫికెట్ కేంద్రం. ఎన్ఐసీ మీద సీసీఏ సంతకం ఉంది. అప్పటికి సీసీఏ రూట్ మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉంది. కాబట్టి విండోస్ మీద నడిచే చాలా ప్రోగ్రాములు ఆ నకిలీలను అసలు గూగుల్‌గానే చూసే ప్రమాదం వచ్చింది. ఫైర్‌ఫాక్స్ తన సొంత జాబితా వాడుతుంది, అందులో సీసీఏ లేదు, కనుక దానికి ఈ బెడద తగల్లేదు. క్రోమ్‌కు గూగుల్ సైట్ల కీలు ముందే తెలిసి ఉండటంతో ఆ సైట్ల వరకు అదీ మోసపోయేది కాదు. మిగతా సైట్ల సంగతి ఎవరికి తెలుసు?

మర్నాడే, జులై 3న, సీసీఏ ఎన్ఐసీకి ఇచ్చిన మధ్యస్థ సర్టిఫికెట్లను రద్దు చేసింది. ఎన్ఐసీ జారీ ప్రక్రియలోకి చొరబాటు జరిగిందని, తప్పుగా పుట్టినవి నాలుగేనని, మూడు గూగుల్ డొమైన్లవి, ఒకటి యాహూదని తర్వాత గూగుల్‌కు తెలిపింది. అయితే ఆ నాలుగింటిలో లేని నకిలీలు తమకు తెలుసని గూగుల్ బహిరంగంగా ప్రకటించింది. మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికలో 45 సర్టిఫికెట్లను పేర్కొని వాటిని నమ్మని జాబితాలో పెట్టింది. క్రోమ్ ఇంకో అడుగు ముందుకేసి భారత రూట్ పరిధిని గవ్ డాట్ ఇన్, ఎన్ఐసీ డాట్ ఇన్, ఏసీ డాట్ ఇన్ సహా ఏడు డొమైన్లకు కుదించింది. ఒక సార్వభౌమ దేశపు రూట్‌కు బ్రౌజర్ ఒకటి గిరి గీసిన ఘటన అది.

ఇందులో తలకెక్కించుకోవాల్సిన విషయం ఎన్ఐసీ పొరపాటు కన్నా పెద్దది. మూడేళ్ల ముందు, 2011లో, నెదర్లాండ్స్‌లో డిజినోటార్ అనే సంస్థలోకి దొంగలు చొరబడి 500కు పైగా నకిలీ సర్టిఫికెట్లు పుట్టించారు. వాటితో ఇరాన్‌లో జనం మెయిళ్ల మీద నిఘా పెట్టారు. ఆ సంస్థ కొద్ది వారాల్లోనే దివాలా తీసింది. రెండు చోట్లా గణితం ఎక్కడా ఓడిపోలేదు. సంతకాలన్నీ లెక్క ప్రకారం సరైనవే. సంతకం పెట్టే చేతి దగ్గర కాపలా లేకపోయింది. వ్యవస్థ నిర్మాణంలో మరో బలహీనతను కూడా ఆ రెండు ఘటనలు బయటపెట్టాయి. జాబితాలోని ఏ రూట్ కింది ఏ కొమ్మైనా ప్రపంచంలోని ఏ పేరుకైనా హామీ ఇవ్వగలదు. తహసీల్దారు తన మండలం దాటి సంతకం చేస్తే చెల్లదు. సర్టిఫికెట్ సంస్థలకు అలాంటి మండలం సరిహద్దే లేకపోయింది. 2014లో క్రోమ్ గీసింది ఆ సరిహద్దునే.

దీనికి దీర్ఘకాలిక మందు బహిరంగ చిట్టా రూపంలో వచ్చింది. 2013లో వెలువడిన ‘సర్టిఫికెట్ ట్రాన్స్‌పరెన్సీ’ ప్రకారం ఇచ్చిన ప్రతి సర్టిఫికెట్‌నూ అందరూ చూడగల చిట్టాలో చేర్చాలి. చిట్టాలోని ప్రతి పద్దు హ్యాష్ పక్క పద్దు హ్యాష్‌తో, ఆ రెండింటి ఫలితం మరో జంటతో కలుస్తూ చెట్టులా పైకి పోతుంది. పాత పద్దు ఒక్కటి దిద్దినా చెట్టు కొన మారిపోయి బయటపడుతుంది. 2018 ఏప్రిల్ 30 తర్వాత ఇచ్చిన సర్టిఫికెట్లు ఈ చిట్టాకెక్కకపోతే క్రోమ్ ఒప్పుకోవడం మానేసింది. దొంగ సర్టిఫికెట్ పుట్టకుండా ఇది ఆపలేదు, పుట్టినట్టు దాచడాన్ని కష్టం చేసింది.

వెనక్కి తీసుకోవడం

సాక్షి ఎదుట లేకపోవడం వల్ల వచ్చే అసలు చిక్కు రద్దు దగ్గర ఉంది. సంతకం ఒకసారి పడ్డాక ఫైలు ఎక్కడెక్కడికో పోతుంది, దాని వెంట పరుగెత్తి మాట వెనక్కి తీసుకోలేరు. తొలి ఉపాయం రద్దు జాబితా. రద్దైన సర్టిఫికెట్ల సంఖ్యలను జారీ సంస్థ సంతకం చేసి అప్పుడప్పుడు ప్రకటిస్తుంది. జాబితా పెరిగేకొద్దీ దించుకోవడం భారమవుతుంది, రెండు ప్రకటనల మధ్య కాలం దొంగకు సెలవు. రెండో ఉపాయం ఓసీఎస్‌పీ: ప్రతిసారీ జారీ సంస్థనే ‘ఇది ఇంకా చెల్లుతుందా’ అని అడగడం. వినడానికి బాగుంది. కానీ ఎవరు ఏ సైట్ చూస్తున్నారో జారీ సంస్థకు తెలిసిపోతుంది. పైగా జవాబు రాకపోతే చాలా బ్రౌజర్లు ‘పోనీలే’ అని లోపలికి వదిలేసేవి. దారి కాచే దొంగ ఆ జవాబును అడ్డుకుంటే చాలు. అవసరమైన రోజునే పనిచేయని కాపలా అది.

చివరికి లోకం మూడో దారికి మళ్లింది. ఆయుష్షే తగ్గించడం. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ మొదటి నుంచీ 90 రోజుల సర్టిఫికెట్లు ఇస్తూ వచ్చింది. వెబ్ సర్టిఫికెట్ల గరిష్ఠ ఆయుష్షును 2029 మార్చి 15 నాటికి 47 రోజులకు దించాలని 2025 ఏప్రిల్‌లో సర్టిఫికెట్ సంస్థలు, బ్రౌజర్ కంపెనీలు కలిసి తీర్మానించాయి. 1981లో డెనింగ్, సాకో చెప్పిన సమయ ముద్ర దగ్గరికే ఈ నడక తిరిగి వచ్చింది.

పొట్టి ఆయుష్షు విలువ శాస్త్ర పరిశోధకులకు ముందే తెలుసు. జెనీవా దగ్గరి సెర్న్‌లో జరిగే సీఎంఎస్ ప్రయోగంలో ఢిల్లీ విశ్వవిద్యాలయం భాగస్వామి. ఆ ప్రయోగపు దత్తాంశం ప్రపంచమంతా పరుచుకున్న కంప్యూటర్ల గ్రిడ్ మీద ఉంటుంది. ముంబైలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ కేంద్రం అందులో ఒకటి. ఉత్తర క్యాంపస్‌లో కూర్చున్న పరిశోధకురాలు ఒక లెక్కను గ్రిడ్‌కు అప్పగించి ఇంటికి పోతుంది. రాత్రంతా ఆ లెక్క ఆమె పేరు మీద ఎక్కడెక్కడి డిస్కులనో అడగాలి. అలాగని ఆమె అసలు రహస్య కీని దానితో పంపడం ఆత్మహత్యతో సమానం. అందుకని ఆమె సర్టిఫికెట్‌తోనే సంతకం చేసిన తాత్కాలిక ప్రతినిధి సర్టిఫికెట్ ఒకటి కొత్త కీ జంటతో పుడుతుంది. ‘ప్రాక్సీ’ అనే దీనికి 2004లో ప్రమాణం ఏర్పడింది. మామూలుగా ఆయుష్షు 12 గంటలు. దొంగకు దొరికినా తెల్లారేసరికి చెల్లని కాగితం అవుతుంది. ముక్త్యారునామాకు ఇది దగ్గరి చుట్టం, గడువు మాత్రం గంటల్లో.

మానేసర్‌ను అడగడం

సాక్షిని ప్రతిసారీ పిలిచే పద్ధతికి ప్రపంచంలోనే పెద్ద ఉదాహరణ ఆధార్. దాన్ని నడిపే విశిష్ట గుర్తింపు ప్రాధికార సంస్థ 2009 జనవరిలో ఏర్పడింది, ప్రధాన కార్యాలయం న్యూఢిల్లీలో ఉంది. డేటా కేంద్రాలు ఒకటి గురుగ్రామ్ పక్కన మానేసర్‌లో, రెండోది బెంగళూరు హెబ్బాళ్‌లో ఉన్నాయి. ఆధార్ సంఖ్యలోని 12వ అంకె మొదటి పదకొండు అంకెల నుంచి వెర్‌హూఫ్ అనే లెక్కతో వస్తుంది. అది చేయి జారి ఒక అంకె తప్పు కొట్టినప్పుడు పట్టుకోవడానికే. లెక్క కుదిరినంత మాత్రాన సంఖ్య అసలుదని కాదు.

రేషన్ దుకాణంలో వేలు పెట్టినప్పుడు జరిగేది ఇది. వేలిముద్ర సమాచారం, సమయం కలిపి ఒక మూట తయారవుతుంది. అప్పటికప్పుడు పుట్టిన 256 బిట్ల కీతో ఆ మూటకు తాళం వేస్తారు. ఆ కీని ప్రాధికార సంస్థ 2048 బిట్ల బహిరంగ కీతో మరో తాళంలో పెడతారు. మూటలో ఒక్క బిట్ మారినా తెలిసేలా హ్యాష్ జతచేస్తారు. దుకాణం వెనకున్న శాఖ, దాని వెనకున్న అనుసంధాన సంస్థ మూటను మోస్తాయి గానీ విప్పలేవు. కెర్బరోస్ టికెట్ మోసిన విద్యార్థి స్థానంలో ఇక్కడ సంస్థలు ఉన్నాయి. తాళం మానేసర్‌లోనో హెబ్బాళ్‌లోనో తెరుచుకుంటుంది. జవాబు అవునో కాదో, సంతకంతో తిరిగి వస్తుంది. ఒకప్పుడు యంత్రం తీసిన వేలిముద్రను దాచి మళ్లీ పంపే మోసానికి వీలుండేది. 2017 నుంచి తెచ్చిన రిజిస్టర్డ్ పరికరాలు వేలిముద్ర తీసిన వెంటనే తమ సొంత కీతో సంతకం చేసి, తాళం వేసి బయటికి వదులుతాయి.

తాళాల వరకు ఇది పటిష్ఠమైన నిర్మాణం. కానీ సాక్షి ప్రతిసారీ పలకాలి. మన్యం గ్రామంలో సిగ్నల్ అందకపోతే సాక్షి పలకడు. జీవితమంతా మట్టి పిసికిన వృద్ధురాలి వేలి గీతలు అరిగిపోతే సాక్షి ‘కాదు’ అంటాడు. గూఢలిపి శాస్త్రంలో ‘కాదు’ అన్న జవాబు భద్రతకు చిహ్నం. బియ్యం సంచీ పట్టుకుని నిలబడ్డ మనిషికి అది పస్తు. తప్పుడు మనిషిని రానివ్వడం, సరైన మనిషిని వెళ్లగొట్టడం రెండూ వైఫల్యాలే. రెండోదానికి ప్రత్యామ్నాయ దారి కట్టకుండా మొదటిదాన్నే లెక్కపెట్టే వ్యవస్థ సగం కట్టిన ఇల్లు.

చేతిలోని సాక్ష్యం

పలకాల్సిన పని లేని సాక్ష్యాన్ని కూడా ఆధార్ ఇస్తుంది. 2018 నుంచి కార్డు మీద కనిపించే పెద్ద క్యూఆర్ చతురస్రంలో పేరు, పుట్టిన తేదీ, చిరునామా, చిన్న ఫోటో కుదించి ఉంటాయి. ఆధార్ సంఖ్యలో చివరి నాలుగు అంకెలే ఉంటాయి. ఫోన్ నంబరు నేరుగా ఉండదు, దాని హ్యాష్ ఉంటుంది. చివరి 256 బైట్లు వీటన్నిటి మీద ప్రాధికార సంస్థ సంతకం. బహిరంగ కీ ఉన్న యాప్‌తో స్కాన్ చేస్తే నెట్ లేకపోయినా అసలో నకిలీయో తేలుతుంది. ఢిల్లీ పాత రాజేందర్ నగర్‌లో సివిల్స్ కోచింగ్‌కు వచ్చిన తెలుగు విద్యార్థిని కార్డును గది యజమాని ఇలా చూసుకుంటే, ఆమె ఎక్కడ అద్దెకు దిగిందో మానేసర్‌కు తెలియదు. 2018 సెప్టెంబర్ 26న సుప్రీంకోర్టు ఆధార్ మీద ఇచ్చిన తీర్పు ప్రైవేటు వాడకానికి హద్దులు పెట్టింది. 2019 సవరణ చట్టం ఇలాంటి ఆఫ్‌లైన్ పరిశీలనకు గుర్తింపు ఇచ్చింది. అయినా హోటళ్లలో, అద్దె ఇళ్లలో జరుగుతున్నది జిరాక్స్ కాపీ తీసి సొరుగులో పడేయడమే. సంతకం లేని కాపీ దేన్నీ నిరూపించదు, వివరాలు మాత్రం పంచిపెడుతుంది.

క్యూఆర్‌కు తనవైన పరిమితులు ఉన్నాయి. అది ముద్రించిన రోజు నాటి నిజం. ఆ తర్వాత చిరునామా మారినా పాత చతురస్రం మీద సంతకం సరిగ్గానే కుదురుతుంది. పట్టుకొచ్చినవాడు ఎవరో చెప్పడానికి ఫోటోను మనిషి ముఖంతో పోల్చి చూడటమే మార్గం. జారీ సంస్థ సంతకపు కీ మార్చినప్పుడల్లా పాత కార్డుల కోసం పరిశీలన యాప్‌లు పాత బహిరంగ కీలను కూడా దాచుకోవాలి.

ఇంకా పెద్ద మార్పు ముందుంది. తగినంత శక్తిగల క్వాంటం కంప్యూటర్ వస్తే ఆర్‌ఎస్‌ఏ సంతకాలకు విలువ పోతుంది. దాన్ని తట్టుకునే సంతకాల ప్రమాణాలను అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో విడుదల చేసింది. వాటిలో ముఖ్యమైన ఎంఎల్-డీఎస్‌ఏకు అతి చిన్న రూపంలో కూడా సంతకం 2,420 బైట్లు. అతి పెద్ద క్యూఆర్ చతురస్రంలో పట్టేది 2,953 బైట్లు. ఆ సంతకం పెట్టాక పేరుకు, చిరునామాకు, ఫోటోకు కలిపి మిగిలేది 533.